మా మూడు బ్రాంచీల కంపెనీ

రూతు మేడం భూస్థాపన అయ్యాక చర్చి ఆవరణలో అందరూ గుంపులుగా నిలబడి ఆమె మాటలే చెప్పుకుంటున్నారు. నేను నిలబడలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా గేటు దాటి స్టేషన్ దారి పట్టాను. దుఃఖం వచ్చినప్పుడు కొందరు కూలబడతారు, నాకు కాళ్లు ఆగవు. వెనక నుంచి, నాతో కలిసి పనిచేసే సాంబన్న వేగంగా నడుచుకుంటూ వచ్చి కలిశాడు. "రైలుకు ఇంక మస్తు టైమున్నది చెల్లె, గంత తొందరెందుకు?" అన్నాడు. డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీగా ఉంటే ఆయన కూర్చున్నాడు. నేను ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉన్నాను. రూతు మేడం గంజి పెట్టిన తెల్ల నూలు చీర కట్టుకుని, చేతిసంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని, ఏళ్ల తరబడి ఇక్కడే మానుకోట రైలెక్కింది. కాగితాల్లో మహబూబాబాద్, మా నోట్లో మానుకోట. అక్కడ ఆమె ఒక చిన్న ప్రైవేటు బడి నడిపేది. మేము కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో ఆ ఊళ్లో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడిన మొదటి మనిషి ఆమె. మా కంపెనీ పెరగడమూ చూసింది, పోవడమూ చూసింది.

అప్పుడు నేను జనగామలో మా కాకా ఇంట్లో ఉండేదాన్ని. తండాలో మా భాషలో చిన్నాన్నను కాకా అంటాం, ఆయన భార్యను కాకి అంటాం, అమ్మను యాడి అంటాం. కాకా రైల్వే గేటు అవతలి సందులో మోటర్లకు కాయిల్ చుట్టే దుకాణం పెట్టుకున్నాడు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. పొద్దున్నే కాకి జొన్నరొట్టెను అరచేతుల మధ్య తడుతుంటే ఆ చప్పుడుకు మెలకువ వచ్చేది. రొట్టె కాలే వాసన, ఎల్లిపాయ కారం నూరిన వాసన, ముందు గదిలోంచి వార్నిష్ వాసన, కాలిపోయిన రాగి తీగ వాసన, అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి ఆ ఇంట్లో. నా చున్నీలకు కూడా అదే పట్టేది. కాకా టీ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చునే సరికి కొడకండ్ల వైపు నుంచి ఎవరో ఒక రైతు, కాలిపోయిన మోటరును ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చి నిలబడేవాడు. పొలం ఎండుతోందని ఆ మనిషి ముఖంలోనే తెలిసేది. కాకా టీ సగంలో వదిలి లేచేవాడు. కాకి ఆ రైతుకు మంచినీళ్లు ఇచ్చి, రొట్టె తినమని బతిమాలేది. తినేవాడు కాదు. మోటరు చుట్టడం అయ్యేదాకా అతను దుకాణం ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. ఆ తిరుగుడు నాకు బాగా అర్థమయ్యేది. నా లోపల కూడా అలాంటిదే ఒకటి ఎప్పుడూ తిరుగుతుండేది.

మాది మానుకోట పక్క తండా. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్చుకుంటానని జనగామ వచ్చాను. యాడి ఒక షరతు మీద పంపింది. నౌకరీ దొరికితే సరే, లేదంటే మిరప ఏరే కాలానికి తిరిగి వచ్చెయ్యాలి, ఆ వెనకే పెళ్లి. మిరప కల్లంలో ఘాటుకు ముక్కులు మండి, రాత్రి కళ్లు కడుక్కున్నా మంట తగ్గని పని అది. పనంటే నాకు భయం లేదు. కానీ ఒకసారి వెనక్కి వెళ్తే మళ్లీ బయటికి రానన్న భయం ఉండేది. అందుకే జనగామలో ఎక్కడ కొత్త బోర్డు కనిపించినా మెట్లెక్కి అడిగేదాన్ని.

అలా ఎక్కిన మెట్లలో ఒకటి ఎరువుల దుకాణం మీది మేడ. పట్నం నుంచి వచ్చిన శ్రీధర్ సార్ అక్కడ ఆఫీసు తెరిచాడు. బోర్డు మీద లినక్స్ వాళ్ల పెంగ్విన్ బొమ్మ ఉండేది. మా వైపు ఆ పక్షిని ఎవరు చూశారు? ఊళ్లో అందరూ దాన్ని బాతు బొమ్మ కంపెనీ అనేవారు. శ్రీధర్ సార్‌ది కోస్తా. మనిషి మంచివాడు, మాట వేగం, నడక ఇంకా వేగం. అప్పట్లో కంప్యూటర్ కొన్నవాళ్లంతా లోపల నడిపే సిస్టమ్‌ను ఎవరి దగ్గరో దొంగ కాపీ వేయించుకునేవారు. ఈయన అమ్మేది వేరే, లినక్స్ అనే సిస్టమ్. ఎవరైనా వాడుకోవచ్చు, తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి, నేర్పించి, చెడితే బాగుచేసినందుకే మాకు డబ్బులిచ్చేది. నన్ను ఆయన మూడు ప్రశ్నలు కూడా అడగకుండా పనిలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి కాకాకు చెప్పబోతే ఆయనకు ఒక పట్టాన ఎక్కలేదు.

"ఉట్టిగ దొరికేదాన్ని అమ్ముతవా?" అన్నాడు.

"దాన్ని అమ్మం కాకా. నడిపియ్యడానికి తీసుకుంటం."

"లోపల ఏమున్నదో ఎవలన్న చూడొచ్చా?"

"చూడొచ్చు. మార్చుకోవచ్చు గూడ."

కాకా చేతిలో ఉన్న మోటరును ఒక పక్కకు తిప్పి, నట్లు విప్పుతూ కాసేపు ఆలోచించాడు. "అంటే మూత తీసి చూసుకునే మోటర్ అన్నట్టు. మంచిదే. మూత రాకపోతె నేనేం తిందును?" అన్నాడు. నాకు ఆ మాట చాలా పనికొచ్చింది. శ్రీధర్ సార్ నేర్పిన ఇంగ్లీషు మాటలన్నీ పక్కన పెట్టి, పత్తి వ్యాపారుల దగ్గర ఈ మోటరు ముచ్చటే చెప్పేదాన్ని.

మొదట్లో శ్రీధర్ సార్ నన్ను సరిదిద్దేవాడు. "కస్టమర్ల ముందు గట్ల, గిట్ల అనకు సరోజా, బాగుండదు" అనేవాడు. నాకు తెలుగే రెండో భాష. అది నేర్చుకున్నదే చిన్నప్పుడు మానుకోట సంతల్లో, కాబట్టి ఇంకోలా మాట్లాడటం నాకు రాదు. ఆయనతో పాటు మార్కెట్ దగ్గర ఒక పత్తి సేటు దుకాణానికి వెళ్లినప్పుడు, సార్ చాలాసేపు చెప్పాక సేటు నా వైపు తిరిగి, "ఏమంటుండు బిడ్డా గీయన?" అని అడిగాడు. నేను నాలుగు మాటల్లో చెప్పాను. సేటు ఒప్పుకున్నాడు. మెట్లు దిగుతూ సార్ నవ్వి, "ఇకనుంచి నువ్వే మాట్లాడు" అన్నాడు. ఆ సాయంత్రం కాకి చేతి రొట్టె ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తు.

ఆ తర్వాతే మానుకోట, రూతు మేడం. ఆమె ఆఫీసు గదిలో సుద్దముక్కల వాసన, కిటికీలో తులసి కాదు, కరివేపాకు మొక్క ఉండేది. పిల్లలు ఎవరు తలుపు తోసినా కళ్లద్దాల మీదుగా ఒక్క చూపు చూసేది. మేము చెప్పిందంతా చివరిదాకా విని, "మంచిగనే ఉన్నది. రేపు మీ కంపెనీ లేకపోతె?" అంది.

"మేము లేకపోయినా ఇది ఉంటుంది మేడం. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు" అన్నాడు శ్రీధర్ సార్, ముందే సిద్ధం చేసుకున్న జవాబులాగా. మేడం ఆయన్ని వదిలి నా వైపు చూసింది. "నీదే ఊరమ్మా?" అంది. తండా పేరు చెప్పాను. "మా బడిల మీ తండాల పిల్లలే ఎక్కువ. అయితే ఒకటి. వాళ్ల పేర్లు తెలుగుల ముద్రించాలె. హాల్‌టికెట్ మీద, సర్టిఫికెట్ మీద. చేస్తరా?" చేస్తామన్నాం. చేయగలమా లేదా అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ రోజుల్లో మేము దేనికీ ఆలోచించలేదు.

కంపెనీ పెరుగుతోంది. గోడ మీద శ్రీధర్ సార్ ఒక మ్యాపు అంటించి, ఒప్పందం కుదిరిన ఊరి మీదల్లా ఎర్రచుక్క పెట్టేవాడు. మానుకోటలో చిన్న ఆఫీసు తెరిచాం. వెంటనే భూపాలపల్లిలో. అక్కడే సాంబన్న మాతో చేరాడు. ఆయన తండ్రి బొగ్గు బావిలో పనిచేసి దగ్గుతో మంచం పట్టాడు. కొడుకు బావిలోకి దిగకూడదని ఆ ఇంట్లో పంతం. సాంబన్నకు నాకంటే పదిరెట్లు ఓపిక. నేను పొద్దున జనగామలో బయలుదేరి, కాజీపేటలో రైలు మారి, మానుకోటలో దిగి, మర్నాడు హన్మకొండ మీదుగా పరకాల బస్సెక్కి భూపాలపల్లి చేరేదాన్ని. సంచి నిండా సీడీలు. బస్సు కిటికీలోంచి బొగ్గు లారీల దుమ్ము, రైలు కిటికీలోంచి మిరపచేలు. కాకి గొణిగేది, "కాళ్లకు చక్రాలు కట్టుకున్నవా బిడ్డా?" అని. నిజం చెప్పాలంటే నాకు ఆ తిరుగుడే కావాలి. తండా పిల్లను మేడం అని పిలుస్తుంటే, ఏదో ఊరి నుంచి ఏదో ఊరికి నా అవసరం పడి వెళ్తుంటే, కూర్చోవాలనే ఉండేది కాదు. ఒకసారి తండాకు వెళ్తే యాడి నా అరికాళ్లు చూసి నూనె రాస్తూ, "ఏమమ్ముతున్నవే ఇంతకీ?" అని మా భాషలో అడిగింది. చెప్పడానికి మా భాషలో మాట దొరకలేదు. "పనిముట్టు" అన్నాను. నమ్మినట్టు తల ఊపింది.

కానీ పెరుగుతున్న కొద్దీ నాకు లోపల గుబులు పట్టుకుంది. ఎర్రచుక్కలు మనుషుల కంటే ముందే పరుగెత్తేవి. భూపాలపల్లిలో ఒక ఆసుపత్రికి కంప్యూటర్లు ఇచ్చి వచ్చాక నేర్పడానికి మళ్లీ వెళ్లే తీరిక దొరకలేదు. అవి గుడ్డ కప్పుకుని మూలన ఉండిపోయాయి. జనగామలో పత్తి సేటు ఫోన్ చేస్తే మానుకోటలో ఉన్నాననేదాన్ని. మానుకోట నుంచి ఫోన్ వస్తే భూపాలపల్లిలో. అన్నిటికంటే రూతు మేడం బడి సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. తెరమీద పేర్లు బాగానే కనిపించేవి, ముద్రణకు వచ్చేసరికి ఒత్తులు విడిపోయేవి. ఒత్తు లేని పేర్లు బాగానే వచ్చేవి. ఒత్తున్న పేరల్లా ముక్కలయ్యేది. మా తండాల్లో భూక్యా ఇంటిపేరు వాళ్లు ఎక్కువ. నాదీ అదే. 'క్యా' కాస్తా కాగితం మీద పొల్లు 'క్', పక్కన ఒంటరిగా 'యా' అయ్యి, రెంటి మధ్య ఖాళీగా వచ్చేది. రూతు మేడం ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, "పిల్లల పేర్లు ఇరుగుతున్నయ్ సరోజా. గిది ఇచ్చి పిల్లలను పరీక్షకు పంపుమంటవా?" అంది. కోపంతో కాదు, బాధతో అంది. అదే నాకు ఎక్కువ తగిలింది. శ్రీధర్ సార్‌కు చెబితే, "వచ్చే వెర్షన్‌లో అన్నీ సర్దుకుంటాయి, ముందు ములుగు చూద్దాం" అన్నాడు. మ్యాపు మీద ములుగుకు చుక్క పెట్టేశాడు అప్పటికే.

ఆ చుక్క ఎండకముందే కంపెనీ పోయింది. పోవడమంటే దివాలా కాదు. పట్నంలో ఒక పెద్ద కంపెనీ మా కంపెనీని కొనేసుకుంది. శ్రీధర్ సార్ జనగామ వచ్చి ఎరువుల వాసన నిండిన ఆ గదిలో మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు. "వాళ్లకు పెద్ద కస్టమర్లు మాత్రమే కావాలట. ఈ మూడు ఊళ్లూ వాళ్ల లెక్కలో లేవు." నేను అడిగాను.

"మరి మనం చూస్తమని చెప్పిన బడులు, ఆసుపత్రులు ఏం గావాలె సార్?"

"వేరే ఏదైనా వేయించుకుంటారులే. దొంగ కాపీలు దొరుకుతూనే ఉన్నాయిగా" అన్నాడు. అంటూనే నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగాడు. మర్నాడు మ్యాపు తీసేశారు. గోడకు ఆ చోట సున్నం తెల్లగా మిగిలింది.

కాకా, "దుకాణంల కూసో, కాయిల్ చుట్టుడు నేర్పిస్త" అన్నాడు. మంచి మనసుతో అన్నాడు. యాడి నుంచి కబురు వచ్చింది, మిరప ఎరుపెక్కిందని. నేను రెండింటికీ జవాబు చెప్పకుండా పొద్దున్నే రైలెక్కి మానుకోట వెళ్లాను. రూతు మేడంకు ఈ సంగతి ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలనిపించింది. దారి పొడవునా ఆమె ఏమంటుందో ఊహించుకుంటూ తలుపు దగ్గరే నిలబడి వెళ్లాను. గదిలోకి వెళ్లి కంపెనీ పోయిందని చెప్పేశాను. ఆమె కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"మరి నువ్వేడికి పోతున్నవ్?"

"తెలుస్తలేదు మేడం."

"అయితే జర గిక్కడ కూసో. పరీక్షలు దగ్గరకొచ్చినయ్. పేర్లు ఇంక ఇరుగుతనే ఉన్నయ్. చూడు."

కంపెనీ లేదు కాబట్టి నాకు ఆ పని మీద హక్కు లేదనుకుంటూ వెళ్లాను. ఆమెకు ఆ ఆలోచనే లేదు. సాంబన్నకు ఫోన్ చేస్తే ఆయన భూపాలపల్లి నుంచి బస్సులో వచ్చాడు. ఇద్దరం ఆ బడిలో కూర్చున్నాం. ఆ సిస్టమ్ ఎవరైనా మూత తీసి చూసుకోవచ్చని ఎన్నిసార్లు చెప్పానో, నేను మాత్రం ఒక్కసారీ తీసి చూడలేదు. అమ్మడంలోనే పొద్దు గడిచిపోయింది. చూస్తే ఏమీ అర్థం కాలేదు. నెట్ సెంటర్‌కు వెళ్లి, లినక్స్‌లో తెలుగు అక్షరాల మీద పనిచేసేవాళ్లు రాసుకునే చోటు వెతికి, వచ్చీరాని ఇంగ్లీషులో మా కష్టం రాశాం. ఒత్తు విడిపోయిన నా ఇంటిపేరు కాగితాన్ని స్కాన్ చేయించి జత చేశాం. ఎవరు చూస్తారులే అనుకున్నాం. చూశారు. అందులో ఒకతను కన్నడ మనిషి, వాళ్ల అక్షరాలకూ అదే జబ్బు ఉండేదట. ఇంకొకతను ఏ దేశమో కూడా చెప్పలేదు. ఇది చేసి చూడండి అన్నారు, చేశాం, కాలేదు. మళ్లీ రాశాం. మళ్లీ చెప్పారు. ఆ రోజులన్నీ బడికీ నెట్ సెంటర్‌కూ మధ్య చెప్పులు అరిగేలా నడిచాం. సాంబన్న ఎక్కడ పొరపాటు జరిగిందో ఒక్కో వరుసా వేలు పెట్టి చదివేవాడు. నేను ఆయన వెనక అటూ ఇటూ నడుస్తూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం, బడిలో పిల్లలు అన్నాల గంట కోసం చూస్తున్న వేళ, ప్రింటరు కరకరమంటూ కాగితం బయటికి వదిలింది. సాంబన్న దాన్ని తీసి నాకు ఇచ్చాడు. భూక్యా. 'క' కింద 'య' ఒత్తు దాని చోట అది కూర్చుని ఉంది. నేను కాగితం తీసుకుని మేడం గదికి వెళ్లలేదు. నేరుగా తరగతి గదికి వెళ్లి ఆ పేరున్న పిల్లను పిలిచి చూపించాను. ఆ పిల్ల చదివి, "నా పేరే" అంది, అందులో ఇంత సంబరపడటానికి ఏముందన్నట్టు నన్ను చూసింది. రూతు మేడం గుమ్మంలో నిలబడి ఉంది. "ఇగ మిగిలినవి గూడ తియ్యి" అని మాత్రం అంది. ఆ వారమే ఆమె మరో రెండు బడుల వాళ్లకు మా గురించి చెప్పింది. మేమిద్దరం సొంతంగా పని చేసుకోవడానికి కాకా దుకాణంలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాడు. మిరపకు నేను వెళ్లలేదు. యాడి కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత తనే జనగామ వచ్చి, వార్నిష్ వాసనకు ముక్కు మూసుకుని, నేను పనిచేస్తుంటే గడప మీద కూర్చుని చూసింది.

ఇప్పుడు మాకు సొంత గది ఉంది. మా తండాల ఆడపిల్లలు కొందరు పనిచేస్తున్నారు. అప్పట్లో బాతు బొమ్మ అని నవ్విన సరుకే ఇప్పుడు అందరి జేబుల్లోని ఫోన్లలో ఏదో ఒక రూపంలో నడుస్తోంది. పెద్ద పెద్ద కంపెనీలు దాని మీద అద్దాల మేడలు కట్టాయి. ఒత్తులు ఇప్పుడు అంతగా విడిపోవు. అది ఎంతమంది చేతుల్లో బాగైందో ఎవరికీ పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదేమో. అప్పుడు ఒక్క అక్షరం కోసం ముక్కూ ముఖం తెలియని మనిషికి రాస్తే జవాబు వచ్చేది. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు యంత్రం మాట్లాడుతుంది. సుఖం పెరిగింది, నేను కాదనను. నా గుబులు మాత్రం తగ్గలేదు. ఒక ఊరి నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ చెప్పులు వెతుక్కుంటాను.

రైలు ఆలస్యమని మైకులో చెబుతున్నప్పుడు ప్లాట్‌ఫారం మీదికి ఒక పెద్దాయన వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నడక చూసి గుర్తుపట్టాను, అదే వేగం. శ్రీధర్ సార్. కబురు ఆలస్యంగా తెలిసి కారులో బయలుదేరాడట, వచ్చేసరికి అంతా అయిపోయిందట. చర్చి దగ్గర మా గురించి అడిగితే స్టేషన్ వైపు వెళ్లడం చూశామన్నారట, ఇక్కడికి వచ్చాడు. సాంబన్న లేచి చోటిచ్చాడు. కాసేపు మేడం గురించి మాట్లాడుకున్నాం. ఆయన ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో పైస్థాయిలో ఉన్నాడు. అదే సరుకు, బ్యాంకులకూ పెద్ద ఆసుపత్రులకూ.

"మళ్లీ జిల్లాలకు వస్తున్నాం సరోజా" అన్నాడు. "జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఉన్నాయి. నువ్వూ సాంబయ్యా మాతో కలిస్తే బాగుంటుంది."

"ఎన్నేండ్లుంటరు సార్?" అని అడిగాను.

వెనకటి శ్రీధర్ సార్ అయితే మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేవాడు. ఇప్పుడాయన ముందు పట్టాల వైపు చూశాడు. "చెప్పలేను. పైవాళ్లు వద్దంటే మూసేస్తాం" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద నాకు మొదటిసారి నిజమైన గౌరవం కలిగింది. ఇన్నేళ్లుగా లోపల ఉన్న కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు.

"రాండి సార్" అన్నాను. "ఉన్నన్ని రోజులు మంచిగ చెయ్యిండి. మేము మాత్రం కలవం. మీరు పోయినంక ఎవలన్న ఉండాలె గద."

ఆయన అప్పటికే జేబులోంచి తీసిన విజిటింగ్ కార్డును ఒకసారి చూసుకుని, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.